పెద్ద గుమ్మడికి పొటాష్: సిరిమాను నుంచి ఉగాది దాకా ఎప్పుడు, ఎంత, ఎలా

ధనుర్మాసం వచ్చిందంటే గొబ్బెమ్మల మీద పెట్టడానికి గుమ్మడి పూలు కావాలని పిల్లలు తెల్లారకుండానే మా పెరట్లోకి వస్తారు. మగపూలన్నీ కోసుకోమంటాను. సంక్రాంతి దగ్గర పడ్డాక మాత్రం రోజుకి నాలుగు పూలు తీగ మీదే ఉంచమని చెబుతాను. ఆ నాలుగూ ఆడపువ్వుకి పుప్పొడి అద్దడానికి. పువ్వు పిందె కట్టిన రోజు నుంచే పొటాష్ విషయంలో అసలు జాగ్రత్త మొదలవుతుంది. అంతకుముందు వేసేదంతా మొక్కకి, ఆ తరవాత వేసేది కాయకి.

విజయనగరం జిల్లాలో చంపావతి ఒడ్డు ఎర్రనేలలో కొన్నేళ్లుగా ఈ పెద్దరకం గుమ్మడి పెంచుతున్నాను. కెనడాలోని నోవా స్కోషియాలో హోవర్డ్ డిల్ అనే రైతు ఎంపిక చేసి నిలబెట్టిన అట్లాంటిక్ జెయింట్ రకం ఇది. అమెరికాలో ట్రావిస్ గీంజర్ అనే ఆయన 2023లో ఇదే వంశం కాయని 1,247 కిలోలు తూగేలా పెంచాడు. అక్కడి చల్లని వేసవి, పొడుగాటి పగళ్లు మనకి లేవు. మన ఎండకి 60 కిలోల కాయ వస్తే బాగా పెంచినట్టే. 100 కిలోలు దాటించాలన్నది నా పట్టుదల. పొటాష్ వేయడంలో చేసిన తప్పుకి ఒక పంట మొత్తం పోగొట్టుకున్నాను కాబట్టి, నేర్చుకున్నది వివరంగా రాస్తున్నాను.

కాయ ఎంత పొటాష్ తింటుంది?

మోతాదు ఎవరో చెప్పగా వినేకంటే లెక్క కట్టుకుంటే మంచిది. గుమ్మడి గుజ్జు 100 గ్రాముల్లో దాదాపు 340 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. అంటే కిలో కాయలో 3.4 గ్రాములు. ఎరువు సంచి మీద వేసే శాతం పొటాషియంది కాదు, దాని ఆక్సైడుది (K2O). పొటాష్ శాతం అనేది దాన్నే. పొటాషియం బరువుని 1.2తో గుణిస్తే ఆ లెక్క వస్తుంది. అలా చూస్తే కిలో కాయకి సుమారు 4 గ్రాములు, 100 కిలోల కాయకి సుమారు 400 గ్రాముల పొటాష్ కావాలి. తీగకి, ఆకులకి, వేళ్లకి కావలసింది దీనికి అదనం. అందుకని ఒక్క మొక్కకి మొత్తం 700, 800 గ్రాముల పొటాష్ అందాలని నేను అనుకుంటాను.

ఇదంతా సంచిలోంచే రానక్కర్లేదు. బాగా మాగిన పశువుల గెత్తంలో (పెంట ఎరువులో) అర శాతం దాకా పొటాష్ ఉంటుంది. సెంటు నేలకి 100 కిలోల గెత్తం వేస్తే 500 గ్రాములు పడినట్టు. అందులో సగం ఈ పంటకే అందుతుందనుకోవచ్చు. నేలలో ముందే ఉన్నది కొంత కలుస్తుంది. తక్కువ పడినదే మనం కొని వేయాలి.

పొటాష్ చేసే పని తెలిస్తే ఎప్పుడు వేయాలో కూడా తెలుస్తుంది. ఆకు తయారు చేసిన చక్కెరని తీగ గుండా కాయకి చేర్చడంలో దానిదే పెద్ద చెయ్యి. ఆకు మీది సూక్ష్మ రంధ్రాలు తెరుచుకుని మూసుకోవడం, కణాల్లో నీళ్లు నిలవడం కూడా దాని వల్లే. కాయలో తొంభై శాతం పైగా నీళ్లే కదా. ఆకులు ఎంత పచ్చగా ఉన్నా, ఈ రవాణా సాగకపోతే కాయ ఊరదు.

సిరిమానుకి ముందు: మట్టి పరీక్ష

అక్టోబర్‌లో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం అయ్యేలోపు మట్టి ఫలితం చేతిలో ఉండాలి. సెప్టెంబర్‌లోనే నమూనా తీయండి. మొక్క పెట్టబోయే సెంటు నేలలో ఎనిమిది, పది చోట్ల ‘వి’ ఆకారంలో జానెడు లోతు గుంట తీసి, గుంట పక్క నుంచి పైనుంచి కిందిదాకా ఒకే మందాన మట్టి గీకాలి. అన్నీ కలిపి గుండ్రంగా పరిచి నాలుగు భాగాలు చేయండి. ఎదురెదురు భాగాలు రెండు తీసేసి, మిగిలింది మళ్లీ కలపండి. అరకిలో మిగిలేదాకా ఇలా చేసి నీడన ఆరబెట్టండి. గెత్తం వేశాక తీసిన నమూనా పనికిరాదు. గట్టు పక్కన, చెట్టు నీడన తీసిందీ అంతే. మీ ఊరి రైతు సేవా కేంద్రంలో ఇవ్వవచ్చు. శ్రీకాకుళం వైపు వాళ్లు ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రంలో అడగవచ్చు.

కార్డులో పొటాషియం హెక్టారుకి సుమారు 120 కిలోల లోపుంటే తక్కువ, 280 దాకా మధ్యస్థం, ఆపైన ఎక్కువ. ఉదజని సూచిక (pH), లవణాల అంకె (EC) కూడా చూసి పెట్టుకోండి, తరవాత పనికొస్తాయి.

కార్డులో ఉండని సంగతి ఒకటుంది. మన ఎర్ర గరప నేలల్లో బంకమన్ను తక్కువ. భావనపాడు, కవిటి తీరం వైపు ఇసుక నేలల్లో అయితే మరీ తక్కువ. పొటాష్‌ని పట్టి ఉంచేది బంకమన్ను, సేంద్రియ పదార్థమే కాబట్టి ఈ నేలల్లో ఒకేసారి కుమ్మరిస్తే కొంత వేళ్లకి అందకుండానే కిందికి జారిపోతుంది. తుపాను వానొస్తే ఇంకా పోతుంది. మన దగ్గర పొటాష్‌ని విడతలుగా వేయక తప్పదు.

ఏ పొటాష్ కొనాలి?

షాపులో దొరికే ఎర్ర పొటాష్ అంటే ఎంఓపీ, మ్యూరేట్ ఆఫ్ పొటాష్. ఇందులో 60 శాతం పొటాష్, దాంతో పాటు చాలా క్లోరైడు కూడా ఉంటుంది. చవకే, కానీ కాయ ఊరే దశలో వేళ్ల దగ్గర అంత క్లోరైడు, అంత ఉప్పు పెట్టడం నాకు ఇష్టం లేదు. సముద్రం దగ్గర ఉప్పు బోరు నీళ్లు పారించేవాళ్లు దీన్ని అసలు ముట్టుకోకపోవడం మేలు.

రెండోది ఎస్‌ఓపీ, సల్ఫేట్ ఆఫ్ పొటాష్. 50 శాతం పొటాష్, 17.5 శాతం గంధకం. సంచి మీద 0-0-50 అని ఉంటుంది (వరసగా నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు). ఒక్కో మొక్కకి కిలో అటూ ఇటూగానే కదా, ఖర్చు ఎక్కువైనా ఇదే కొనండి. నీళ్లలో పూర్తిగా కరిగే రకం అడగండి. తెల్లగా ఉంది కదా అని ఎస్‌ఓపీ అనుకోవద్దు, ఎంఓపీ కూడా తెల్లగా వస్తుంది. రంగు కాదు, అంకె చూడాలి: 0-0-60 ఉంటే ఎంఓపీ, 0-0-50 ఉంటే ఎస్‌ఓపీ.

13-0-45లో నత్రజని కూడా ఉంటుంది. తీగ సాగే దశలో బాగుంటుంది, చివర్లో వద్దు. 0-52-34 పూత ముందు ఒకసారి పిచికారీకి పనికొస్తుంది, అంతే.

ఇక పొయ్యి బూడిద. కట్టెల బూడిదలో సుమారు 5 శాతం పొటాష్ ఉంటుంది, అంటే కిలోకి 50 గ్రాములు. మంచిదే. కానీ బూడిద సున్నంలా క్షార గుణం కలది. నేల ఉదజని సూచిక 7.5 దాటితే వేయొద్దు. యూరియాతో గానీ పచ్చి పెంటతో గానీ కలపొద్దు, నత్రజని అమ్మోనియాగా మారి గాలిలో కలిసిపోతుంది. మా నేల కొంచెం ఆమ్లం వైపు ఉంటుంది కాబట్టి దుక్కిలో సెంటుకి రెండు కిలోలు జల్లి, ఆ 100 గ్రాముల పొటాష్‌ని లెక్కలో రాసుకుంటాను. ఉద్దానం వైపు కొబ్బరి పొట్టు వాడేవాళ్లు ఒక మాట గుర్తుపెట్టుకోవాలి. కడగని పొట్టులో పొటాషియంతో పాటు సోడియం లవణాలు కూడా బాగా ఉంటాయి. మంచినీళ్లలో రెండు మూడు సార్లు నానబెట్టి, ఆ నీళ్లు పారబోశాకే వాడండి.

మోతాదు

కింద చెప్పేవన్నీ ఒక సెంటు నేలలో ఒక్క మొక్క, మొక్కకి ఒక్క కాయ, దుక్కిలో 100 కిలోల గెత్తం అన్న లెక్కకి. ఎరువు ఎస్‌ఓపీ.

పొటాషియం తక్కువున్న నేలకి మొత్తం 1,200 గ్రాములు. దుక్కిలో 300, తీగ సాగేటప్పుడు 150, పూతకి ముందు 150, పిందె నిలిచాక వారానికి 75 చొప్పున 8 వారాలు.

మధ్యస్థంగా ఉన్న నేలకి మొత్తం 800 గ్రాములు. దుక్కిలో 200, తీగ దశలో 100, పూతకి ముందు 100, తరవాత వారానికి 50 చొప్పున 8 వారాలు.

ఎక్కువున్న నేలకి పిందె నిలిచేదాకా ఏమీ వద్దు. ఆ తరవాత వారానికి 40 చొప్పున 8 వారాలు, మొత్తం 320.

దుక్కిలో మాత్రం ఎస్‌ఓపీ బదులు ఎంఓపీ వాడదలిస్తే 6 పాళ్లకి 5 పాళ్లు చాలు. 300 గ్రాముల బదులు 250. మొక్క నాటేలోపు పడే తడులకి క్లోరైడు చాలావరకు కిందికి దిగిపోతుంది. పూత తరవాత ఎంఓపీ వద్దే వద్దు.

గుప్పెడు, గ్లాసెడు అని కొలవకండి. నా గుప్పెడు, మా ఆవిడ గుప్పెడు తూచి చూస్తే ఒకటికి ఒకటిన్నర తేడా వచ్చింది. ఇంట్లో వాడే చిన్న డిజిటల్ త్రాసు చాలు.

ఏ దశలో ఎలా ఇవ్వాలి?

అక్టోబర్ చివరి వారంలో గ్లాసుల్లో విత్తనం పెట్టి, నాగుల చవితి అటూ ఇటూగా రెండు మూడు ఆకుల మొక్కని పాదులో నాటుతాను. అంతకు వారం ముందు దుక్కి పొటాష్ వేయాలి. పాదు గుంటలో కాదు, సెంటు నేలంతా సమంగా జల్లి జానెడు లోతున కలపాలి. లేత వేరుకి పక్కనే ఉప్పు తగిలితే మొక్క అక్కడే ఆగిపోతుంది. వాయుగుండం కబురు ఉంటే ఆగండి, వాన వెలిశాకే జల్లండి. ఇసుక నేలైతే దుక్కి వాటాలో సగమే వేసి, మిగతా సగం తరవాతి విడతలకి పంచండి.

డిసెంబర్ మొదట్లో తీగ పాకడం మొదలవుతుంది. ఈ నెలంతా మొక్కకి నత్రజని ఆకలి ఎక్కువ, పొటాష్‌ది చిన్న వాటా. తీగ దశకి చెప్పిన మోతాదుని రెండుగా చేసి, పది రోజుల తేడాతో నీళ్లలో కలిపి పోయండి.

తీగ పాకుతున్నప్పుడే చేయాల్సిన పని ఇంకొకటుంది. ఇది చేయకపోతే తరవాత పోసే పొటాష్‌లో చాలా భాగం దండగ. గుమ్మడి తీగ కణుపు కణుపుకీ వేరు దిగుతుంది. ఆ కణుపుల మీద నాలుగు వేళ్ల మందాన మట్టి, గెత్తం కలిపి కప్పుతూ పోండి. ఇరవై అడుగుల తీగకి ఇరవై చోట్ల కొత్త నోళ్లు వస్తాయి. కాయకి ఆహారం ఎక్కువగా ఈ వేళ్ల నుంచే చేరుతుంది. ఎరువు నీళ్లు కూడా అక్కడే పోయాలి. మొక్క మొదలు దగ్గర పోస్తే అక్కడ ఉన్న ముదురు వేళ్లు పెద్దగా పీల్చవు, ఉప్పు పేరుకుని మొదలు కుళ్లే ప్రమాదం కూడా ఉంది.

డిసెంబర్ ఆఖరికి పూత మొగ్గలు చూసి పూతకి ముందు వాటా ఇచ్చేయండి. మొదటి ఆడపూలు మొదలుకి దగ్గరగా వస్తాయి, వాటిని తుంచేస్తాను. మొదలు నుంచి పది, పన్నెండు అడుగుల దూరంలో వచ్చిన పువ్వుకి సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామునే మగపువ్వుతో పుప్పొడి అద్దుతాను. ఎండెక్కాక అద్దితే కట్టదు.

పుప్పొడి అద్దిన పది రోజులదాకా పొటాష్ ఆపండి. పిందె నిలుస్తుందో రాలుతుందో తేలనివ్వండి. కొబ్బరికాయంత అయ్యి మెడ గట్టిపడ్డాక, మిగతా పిందెలన్నీ తీసేసి ఒక్కదాన్నే ఉంచి, వారపు మోతాదు మొదలుపెట్టండి. ఇది దాదాపు జనవరి చివరి వారం, కొన్నేళ్లలో అరసవల్లి రథసప్తమి వచ్చే రోజులు. అక్కడి నుంచి మార్చి మధ్యదాకా ఎనిమిది విడతలు.

ఒక విడత ఇలా. ముందు రోజు సాయంత్రం మామూలు తడి ఇవ్వాలి. ఎండిన నేల మీద ఎరువు నీళ్లు పోస్తే వేరు మాడుతుంది. మర్నాడు పొద్దున్న 50 గ్రాముల ఎస్‌ఓపీని బకెట్‌లో గోరువెచ్చని నీళ్లతో బాగా కలిపి, 20 లీటర్లకి పెంచాలి. అడుగున గింజలు మిగిలితే గుడ్డలో వడకట్టి, వాటిని మళ్లీ కరిగించాలి. మట్టి కప్పిన కణుపుల దగ్గర కణుపుకి లీటరు చొప్పున పోసుకుంటూ వెళ్లాలి. ఒక్కసారిగా కుమ్మరించడం కాదు, చెంబుతో నెమ్మదిగా. డ్రిప్ ఉంటే చివరి అరగంటకి ముందు వదిలి, తరవాత ఉత్తి నీళ్లతో గొట్టాలు కడగాలి. 75 గ్రాముల వాళ్లు 30 లీటర్లు చేసుకోండి.

ఆకుల మీద పిచికారీ గురించి చాలామంది అడుగుతారు. లీటరుకి 5 గ్రాముల 0-0-50 కలిపి మూడు లీటర్లు కొడితే 15 గ్రాముల ఎరువు, అందులో పొటాష్ ఏడున్నర గ్రాములు. రోజుకి కిలో పెరిగే కాయకి అది రెండు రోజుల తిండి కూడా కాదు. నేల వానకి నానిపోయి వేళ్లు పని చేయనప్పుడు, సాయంత్రం నాలుగు దాటాక, ఆసరాగా కొట్టండి. అదే చాలనుకుంటే పొరపాటు.

నేను పోగొట్టుకున్న పంట

రెండో ఏడాది నా కాయ ఫిబ్రవరిలో ముప్పై కిలోలు ఉంటుందనిపించింది. పొటాష్ ఎంత వేస్తే కాయ అంత ఊరుతుందని ఒక షాపులో చెబితే నమ్మి, కిలో ఎర్ర పొటాష్ మొదలు చుట్టూ వేసి నీళ్లు పెట్టాను. పది రోజుల్లో ముదురు ఆకుల అంచులు మాడాయి. ఆ పై ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపైంది. టేపుతో కొలిస్తే కాయ చుట్టుకొలత మూడు రోజులు కదల్లేదు. కాయ కింద మెత్తబడింది. భయపడి నీళ్లు ఎక్కువ పెట్టాను, తొడిమ దగ్గర పగిలింది. పక్కింటి పెదనాన్న చూసి, “ఒకేసారి కుక్కితే ఒంటికి పట్టదురా, ఎవరికైనా అంతే” అన్నారు. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

జరిగింది ఇది. పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం మూడూ వేరు దగ్గర పోటీ పడతాయి. ఒకటి మరీ ఎక్కువైతే మిగతా రెంటినీ లోపలికి రానివ్వదు. మెగ్నీషియం అందక ఆకు పసుపైంది, కాల్షియం అందక కాయ అడుగు మెత్తబడింది, ఉప్పు ఎక్కువై అంచు మాడింది. కాయ చిక్కిపోయింది ఎరువు తక్కువై కాదు.

అందుకే పొటాష్‌తో పాటు ఆ రెంటికీ చోటు పెట్టాలి. పొటాష్ ఇచ్చిన నాలుగో రోజున కాల్షియం నైట్రేట్ 30 గ్రాములు 20 లీటర్లలో కలిపి అవే కణుపుల దగ్గర పోస్తాను. చివరి మూడు వారాల్లో నత్రజని వద్దు కాబట్టి ఇది ఆపేస్తాను. ఆ మూడు వారాలూ కాల్షియంకి, నేను దుక్కిలో వేసే జిప్సం సాయం ఉంటుంది. మెగ్నీషియం సల్ఫేట్ లీటరుకి 5 గ్రాములు పదిహేను రోజులకొకసారి ఆకుల మీద. కాల్షియం నైట్రేట్‌ని ఎస్‌ఓపీతో గానీ 0-52-34తో గానీ ఒకే బకెట్‌లో కలపకండి. మొదటిదాంతో జిప్సంలా, రెండోదాంతో కాల్షియం ఫాస్ఫేటుగా తెల్లగా విరిగి అడుగున దిగిపోతుంది. మొక్కకి అందదు, డ్రిప్ రంధ్రాలు మూసుకుపోతాయి.

ఆకు చూసి పోల్చుకోవడం

పొటాష్ తక్కువైతే ముందు ముదురు ఆకుల అంచు పసుపై, గోధుమ రంగుకి తిరిగి, లోపలికి మాడుతూ వస్తుంది. కొత్త ఆకులు బాగానే ఉంటాయి. ముదురు ఆకు మొత్తం సమంగా పాలిపోతే అది నత్రజని కొరత. ఈనెల మధ్య మాత్రమే పసుపైతే మెగ్నీషియం. లేత ఆకు కొస వంకర తిరిగి, పిందె అడుగు మెత్తబడితే కాల్షియం.

చిక్కంతా ఉప్పు దెబ్బతోనే. ఉప్పు నీళ్లకి కూడా ముదురు ఆకు అంచే మాడుతుంది, పొటాష్ కొరతలానే కనిపిస్తుంది. అప్పుడు ఇంకా పొటాష్ పోస్తే మొక్క పోతుంది. మట్టి పైన తెల్లటి పొర ఉందేమో చూడండి, బోరు నీళ్ల లవణాల అంకె చూడండి. అనుమానం ఉంటే వారం పొటాష్ ఆపి మంచినీళ్లు రెండు తడులు ఇవ్వండి. కొత్తగా ముదిరే ఆకుల అంచు శుభ్రంగా ఉంటే అది ఉప్పే. మధ్యాహ్నం ఆకులు వాలితే మాత్రం టెన్షన్ పడొద్దు. సాయంత్రానికి లేస్తే అది ఎండ దెబ్బే, ఎరువుకి సంబంధం లేదు.

ప్రతి విడత ముందు కాయ చుట్టుకొలత టేపుతో కొలిచి గోడ క్యాలెండర్ మీద రాయండి. ముందు వారం కంటే పెరుగుదల బాగుంటే చెప్పిన మోతాదు. ఉన్నట్టుండి సగానికి పడిపోతే ఆ వారం పొటాష్ సగమే ఇచ్చి, తడి, ఆకులు, కణుపుల వేళ్లు చూడండి. పెరుగుదల తగ్గింది కదా అని మోతాదు పెంచడమే నేను చేసిన తప్పు.

దుక్కి పొటాష్ వేశాక గట్టి వాన పడి నీళ్లు నిలిస్తే, నేల ఆరాక 50 గ్రాములు అదనంగా ఇవ్వండి. కాయ దశలో అకాల వాన పడితే అదనం వద్దు. ఆ వారం విడత ఆపి, నీళ్లు బయటికి తీయడం మీద దృష్టి పెట్టండి.

ఆపడం, కోయడం, తరవాత

మార్చి మధ్యలో చివరి విడత. కోతకి పది, పన్నెండు రోజుల ముందు నుంచి ఉత్తి నీళ్లే, అవీ తగ్గిస్తూ. రోజువారీ పెరుగుదల దాదాపు ఆగి, తొడిమ ఎండి గట్టిపడితే కాయ కోతకొచ్చినట్టే. మా ఇంట్లో ఉగాది ముందు రోజు కోసి, నలుగురం గోనెపట్టా మీదకి దొర్లించి తూకానికి మోస్తాం.

కాయ వెళ్లిపోయాక ఆకుల్లో, తీగలో బోలెడు పొటాష్ మిగిలి ఉంటుంది. తగలబెట్టకండి. తెగులు, వైరస్ లేని తీగని ముక్కలు చేసి గెత్తం గుంటలో వేస్తే, వచ్చే అక్టోబర్‌కి అది మళ్లీ అదే సెంటు నేలకి చేరుతుంది. వైరస్ పట్టి ఆకులు ముడుచుకున్న తీగని మాత్రం గుంటకి పంపకుండా దూరంగా పూడ్చండి. మళ్లీ గెత్తం తోలే ముందు, సెప్టెంబర్‌లో, మట్టి నమూనా ఇంకొకసారి తీయండి. కిందటేడు వేసిన పొటాష్‌లో నేలలో ఎంత నిలిచిందో ఆ కార్డులో కనిపిస్తుంది. దాన్ని బట్టే కొత్త ఏడాది దుక్కి వాటా పెంచాలో తగ్గించాలో చూసుకోండి.